అరచేతి కొలత

ఎక్స్‌రే గదిలో ఇప్పుడు ఫిల్ములు లేవు,
అంతా కంప్యూటరే.
ఖాళీ డబ్బాలు మాత్రం బీరువా మీద మిగిలాయి.
"తీసుకుపో సలోమీ, బొద్దింకలు కాపురం పెట్టాయి"
అన్నాడు స్టోరు పూర్ణయ్య.
డిసెంబరు మొదటి ఆదివారం, గుడి నుంచి వచ్చి
ఆ అట్టల్ని
అరచేతంత ముక్కలుగా కోసుకున్నాను.

పగలంతా నలుపూ తెలుపూ.
ఊపిరి బిగపట్టండి. కదలొద్దు. ఇక వదలండి.
ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పాఠం.
రాత్రి బ్రాడీపేటలో, మేడ మీది ఒంటి గదిలో
కుట్టుమిషను బల్ల మీద
పిల్లలు వాడే రంగుల పెట్టె, పన్నెండు బిళ్ళలు.
తెలుపు ఎప్పుడో అరిగిపోయింది.
తెల్లగా ఉండాల్సిన చోట అట్టనే వదిలేస్తాను,
మట్టి రంగులో.
గుంటూరులో మంచు ఎట్లాగూ పడదు.

మొదటిది మిరపకాయల బస్తా.
ఎరుపు ఎక్కువై రాజుకుంది.
టీకొట్టు నాగూర్‌బీ చూసి
"పొయ్యి భలే వేశావే" అని
స్టవ్వు వెనక గోడకి అంటించుకుంది.
నేను దిద్దలేదు.
మూడొంతెనల కింద మోకాలి లోతు నీళ్ళలో
తోసుకుపోతున్న ఆటో ఒకటి.
అది ఏ ఆటోవాడికీ నచ్చలేదు.
వెదురు బద్దల నక్షత్రం వేలాడే డాబా ఒకటి
పాస్టరమ్మకి ఇస్తే
బైబిల్లో గుర్తుగా పెట్టుకుంది,
ఏ అధ్యాయంలోనో చూపించలేదు.

ఎవరికి ఏది అని ముందు అనుకోను.
టిఫిను సంచిలో వేసుకుని బయల్దేరతాను.
ఎవరి ముందు చెయ్యి సంచిలోకి పోతే వాళ్ళది.
కొందరు వెనక్కి తిప్పి చూస్తారు,
ఫోన్ నంబరేమైనా ఉందేమోనని.

ఒక్కటి చెప్పాలి.
నాకు చేతులు గీయడం రాదు.
రోజుకి నలభై చేతులు పలక మీద పెట్టిస్తాను.
మణికట్టులో ఎనిమిది చిన్నెముకలు,
నిద్రలో లేపి అడిగినా వరస చెబుతాను.
అట్ట మీదికొచ్చేసరికి వేళ్ళు బెండకాయలు.
అందుకే నా బొమ్మల్లో ఆడవాళ్ళ చేతులు కొంగుల్లో,
మగవాళ్ళవి జేబుల్లో.
ముగ్గురు జ్ఞానులకీ శాలువాలు కప్పేశాను,
కానుకలు ఎట్లా మోసుకొచ్చారో
దేవుడికే తెలియాలి.

పంతొమ్మిదో తారీఖున అంకారావు వచ్చాడు,
పెదనందిపాడు దగ్గర జిన్నింగు మిల్లు నుంచి.
కుడిచెయ్యి బెల్టులో పడింది.
జుట్టు నిండా దూది.
తెర మీద చూశాను. ఆ వరస ఆ చేతిలో లేదు.
కట్టు కట్టేవాళ్ళు పిలిచేదాకా
వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.
ఏం మాట్లాడాలో తోచక సంచిలో చెయ్యి పెట్టాను.
గొర్రెల కాపరి వచ్చాడు.

ఎడంచేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఏందక్కా, ఈయనకి చేతులు లేవే?"
"చలికి దాచుకున్నాడు."
"కాదులే. నీకు రాక."
నొప్పిలోనే నవ్వాడు.
అట్టని బెంచీ మీద బోర్లా పెట్టి
దాని మీద ఎడంచెయ్యి పరిచాడు.
"ఇదుగో, చుట్టూ గీసుకో."

పెన్సిలుకి మొన లేదు, పంటితో కొరికాను.
బొటనవేలు దగ్గర మొదలుపెట్టాను.
"కదలొద్దు" అన్నాను, అలవాటుగా.
ఊపిరి కూడా బిగపట్టాడు.
అరచెయ్యి వరకూ అట్ట సరిపోయింది.
మిల్లు పనివాడి వేళ్ళు, పొడుగు,
అంచు దాటి బెంచీ మీదికి పోయాయి.
గీత కూడా వాటి వెనకే పోయింది.
లోపల్నుంచి పేరు పిలిచారు.
అట్ట జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

క్రిస్మస్‌కి ఇంకా ఏవో వేశాను,
కేకు, మేరీమాత, ఒక గేదె.
బాగానే వచ్చాయన్నారు.

వరండా తుడుస్తూ ధనకోటి అడిగింది,
బెంచీ మీద ఈ నాలుగు సున్నాలేంది,
చెరిపెయ్యనా అని.
పండగ అయ్యాక చూద్దాంలే అన్నాను.
ఇప్పుడు ఫిబ్రవరి.
ఆ గుడ్డ అక్కడిదాకా వచ్చి
పక్కకి తిరుగుతుంది.